తఱుగు పట్టణములకు తిరుగుదారి

చంద్రగిరి ఒకప్పుడు రాజధాని. 1565లో రక్కసి తంగడి యుద్ధమున విజయనగరము పాడైన పిమ్మట పెనుగొండకు తరలిన ఆరవీటి రాజుల సింహాసనము, రెండవ వేంకటపతిరాయల కాలమున, పదునాఱవ శతాబ్దపు చివరి దశకమున, శేషాచలపు కొండల చెంతను స్వర్ణముఖి సమీపమున నున్న యీ కోటకు వచ్చి చేరెను. ఇరువదియేండ్లు నిండకమునుపే మఱల వేలూరునకు సాగిపోయెను. 1639లో దామెర్ల నాయకుడు ఇంగ్లీషు వర్తకులకు సముద్రతీరమున ఇసుకనేల యొకటి యిచ్చిన దానపత్రమునకు చంద్రగిరి రాజమహలుతో సంబంధము కలదని ప్రతీతి. ఆ యిసుకనేల మద్రాసు మహానగరమైనది. ఆ దానముతో ముడిపడిన చంద్రగిరి మాత్రము, కొన్ని యేండ్లలోనే గోలకొండవారి వశమై, ఆపై ఆర్కాటు నవాబుల చేతికిని, మైసూరు హైదరాలీ చేతికిని పోయి, తుదకు ఒక తాలూకా కేంద్రముగను, నేడు తిరుపతి జిల్లాలో ఒక మండల కేంద్రముగను నిలిచినది.

రాజ్యము పోయిన కథను చరిత్రకారులు విస్తారముగా వ్రాసిరి. రాజు, పరివారము, దండు, వర్తకులు, వారిపై నాధారపడి బ్రదికిన చేతిపనివారు తరలిపోయిన పిమ్మట, ఆ జనము కొఱకు ఏర్పడిన వీథులును, సంతబయళ్లును, గుఱ్ఱపుసాలలును ఉండిన నేల యేమైనదను ప్రశ్నను మాత్రము సాధారణముగ ఎవరును వేయరు. నగరశాస్త్రమునకు నేడు ముఖ్యమైన ప్రశ్నలలో అది యొకటి. చంద్రగిరిలో దానికి సమాధానము కంటికి కనబడుచున్నది. రాయి, ఇటుక, సున్నములతో, కట్టె యన్నది వాడకుండ మూడంతస్తులుగ కట్టిన రాజమహలు చెడక నిలిచి, ఈనాడు పురావస్తుశాఖవారి ప్రదర్శనశాలయై, గండికోట, గుడిమల్లము మొదలగు చోట్లనుండి తెచ్చిన శిల్పములకు నీడనిచ్చుచున్నది. సామాన్యుల యిండ్లో, ఆ కాలమున అంతటను వలెనే మట్టిగోడలు, పూరికప్పులు గలవి, కూలి నేలలో కలిసిపోయినవి. ఆ పరిసరములందలి నేల మఱల మడులై, చేలై, వరిని, చెఱకును, వేరుసెనగను పండించినది. ఒక రాజధాని తఱిగి చిన్న ఊరగుటకు ప్రణాళిక యేదియు అక్కఱ లేకపోయెను. మానవులు విడిచిన నేలను నాగలి తీసికొన్నది.

అది యంత సులువుగ జరుగుటకు కారణములు గలవు. మొదటిది, కూలిన యిల్లు నేలకు బరువు గాకపోవుట, సరికదా బలమగుట. పాతకాలపు ఊళ్లు పాడుపడిన దిబ్బలనుండి పాటిమన్ను త్రవ్వి బండ్లకెత్తి పొలములకు తోలుట మన రైతులందఱు ఎఱిగిన పని. పొయ్యిబూడిద, పశువుల పెంట, ఎముకలు, గాదెల తాలు తరతరములుగ పడి కలిసిన ఆ మంటిలో భాస్వరము మెండుగ నుండును. నత్రజని వానతో దిగిపోవును, గాలిలో కలియును. భాస్వరమట్లు గాదు, మంటిలోని సున్నముతోడను ఇనుముతోడను పెనవేసికొని శతాబ్దములైనను కదలక నిలుచును. అందువలననే పురావస్తుశాస్త్రజ్ఞులు పైకి గోడయైనను కనబడని బయళ్లలో మంటిని పరీక్షించి, భాస్వరము హెచ్చుగనున్న చోట పూర్వము జనవాసముండెనని నిర్ణయింపగలుగుచున్నారు. శాస్త్రజ్ఞుడు సీసాలో తేల్చిన సంగతిని రైతు పైరు పచ్చదనములో చూచి తెలిసికొన్నాడు. రెండవది నీటియేర్పాటు. చెఱువుకట్ట, తూము, మొరవ, వాన నీటిని చెఱువునకు చేర్చు వంకలు, ఇవి ఊరికిని పొలమునకును ఉమ్మడిగనుండినవి. కావున ఊరు తగ్గినను చెఱువునకు పని తగ్గలేదు, ఊరివాటా నీరు పొలమునకు పాఱినది.

ఇప్పటి నగరమునకు ఈ రెండు సౌకర్యములును లేవు. సిమెంటు, ఇనుము, తారు, ప్లాస్టిక్కు నేలలో కలియవు, పైరునకు బలమీయవు. గొట్టములలోని నీటిని పొలమునకు మఱల్చుటకు వీలులేదు. కావుననే నేటి నగరము తఱుగుట యన్నది శాస్త్రజ్ఞులు కూర్చుండి ఆలోచింపవలసిన సమస్యయైనది.

పెరుగుటకు చెప్పిన సూత్రమునే తలక్రిందులుగ చదివినచో తఱుగుటకు సరిపోవునని మనకు తోచును. అది నిజము గాదని 2005లో ఎడ్వర్డ్ గ్లేజర్, జోసెఫ్ గ్యుర్కో అను అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞులు ఒక పరిశోధనపత్రమున నిరూపించిరి. వారి వాదము సరళమైనది. ఒక యిల్లు కట్టుటకు ఏడాది చాలును. కట్టిన యిల్లు రెండుమూడు తరములు నిలుచును. పనులు పెరిగి జనము వచ్చిపడినప్పుడు ఇండ్లు వేగముగ లేచును, ఊరును వేగముగ పెరుగును. పనులు పోయి జనము వెడలిపోవునప్పుడు ఇండ్లు వారి వెంట పోవు. అవి నిలిచి, కొనువారు లేక, వాటి వెల కట్టుబడి ఖర్చునకంటె దిగువకు జాఱును. వెల జాఱిన యింటికి పదివేలు పెట్టి పైకప్పు బాగుచేసినచో వెల పదివేలు పెరుగదు; కావున ఎవరును బాగుచేయరు. చవుక యిల్లు గనుక, వెళ్లుటకు శక్తి లేనివారు అందే యుందురు, శక్తి లేనివారు మఱికొందఱు వచ్చి చేరుదురు. ఈ కారణముచేత నగరము పెరిగినంత వేగముగ తఱుగదు. తఱుగునంతకాలము దానిలో పేదఱికము చిక్కబడుచుండును.

అంతేకాదు, తఱుగుట అంచునుండి ఆరంభమై వరుసగ లోపలికి రాదు. ఈ వీథిలో ఒక యిల్లు, ఆ వీథిలో రెండిండ్లు తాళము పడును. చిమ్మటలు కొట్టిన పట్టుబట్ట వలె నగరమంతటను చిల్లులు పడును గాని బట్ట కొలత తగ్గదు. అమెరికాలోని డిట్రాయిట్ నగరమున 1950లో పదునెనిమిదిన్నర లక్షల జనముండిరి. 2020 జనగణన నాటికి ఆఱు లక్షల నలుబదివేలకు లోపు మిగిలిరి. మూటికి రెండువంతులు పోయిరి. నగరపు సరిహద్దు మాత్రము ఒక్క అడుగైనను లోపలికి రాలేదు. వీథిదీపములు, చెత్తబండ్లు, అగ్నిమాపకయంత్రములు అంత మేరకును తిరుగవలసినదే. పన్ను కట్టువారు మాత్రము మూడవవంతు.

నేలక్రింద దాగియున్న గొట్టముల సంగతి మఱింత క్లిష్టము. నీటిగొట్టముల వ్యాసమును పట్టణపు గరిష్ఠావసరమును లెక్కించి నిర్ణయింతురు. వాడకము సగమునకు పడిపోయినచో అదే గొట్టములో నీరు సగము వేగముతో కదలును. శుద్ధికేంద్రమునుండి కుళాయికి రెండురోజులలో చేరునది నాలుగురోజులకు చేరును. ఈలోపల నీటిలో కలిపిన క్లోరిను హరించిపోవును, సూక్ష్మజీవులు పెరుగును. అమెరికాలో ఫ్లింట్ పట్టణమున 2014లో నీటి మూలమును మార్చి, గొట్టములు తుప్పుపట్టకుండ కాపాడు ద్రవ్యమును కలుపకపోవుటచే సీసము త్రాగునీటిలోనికి దిగి, పెద్ద అనర్థము జరిగెను. ముఖ్యకారణమదియే యైనను, రెండులక్షల జనమునకు తగినట్లు వేసిన గొట్టములలో లక్షమంది నీరు నత్తనడకన సాగుచుండుట ఆ దోషమును ఉద్ధృతము చేసినది. మురుగుకాలువలకు ఇది మఱియొక విధముగ బాధ కలిగించును. నీటి యుద్ధృతి తగ్గి మలినము అడుగున పేరుకొనును. తూర్పు జర్మనీ పట్టణములు కొన్ని, జనము పశ్చిమమునకు వలసపోయిన తరువాత, కాలువలు పూడిపోకుండుటకై శుభ్రమైన త్రాగునీటినే వాటిలోనికి విడువవలసి వచ్చెను. నీటికొఱత నెఱిగిన రాయలసీమవారికి ఈ మాట వినుటకే కష్టముగనుండును.

ఇంత దూరము పోనక్కఱలేదు. చిత్తూరు జిల్లా కొసయందలి కుప్పము దాటి కర్ణాటక సరిహద్దులో అడుగిడినచో కోలారు బంగారు గనులున్నవి. 1880లో జాన్ టేలర్ సంస్థవారు పని చేపట్టినది మొదలు, 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ మూతపడు వఱకు, నూటయిరువదియేండ్లు అచ్చటి రాతిపొరలనుండి బంగారము త్రవ్విరి. మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగిన ఆ గనులకు 1902లోనే శివసముద్రమునుండి విద్యుచ్ఛక్తి వచ్చినది. అప్పటికి మనదేశమున ఎన్నో పట్టణములకు విద్యుద్దీపమైనను లేదు. ఉత్తరార్కాటు, చిత్తూరు సీమలనుండి వేలకొలది తెలుగు, తమిళ కుటుంబములు పోయి, మారికుప్పము, ఛాంపియన్ రీఫు, ఊర్గాము అను చోట్ల గనులవారు కట్టిన వరుసయిండ్లలో కాపురముండిరి. తాతలు, తండ్రులు, కొడుకులు ఒకే గనిలో దిగిన కుటుంబములు ఇప్పటికిని గలవు.

గని మూసిన మఱునాడు ఆ పట్టణమునకు జరిగినదేమి? జనము ఒక్కుమ్మడిగ వెడలిపోలేదు. ఉద్యోగము పోయినది గాని ఇల్లు మిగిలినది. మారికుప్పమునుండి తెల్లవారుజామున బయలుదేరు రైళ్లలో వేలమంది బెంగుళూరునకు పోయి, రాత్రికి తిరిగివచ్చుచున్నారు. గ్లేజర్, గ్యుర్కోల సూత్రమునకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకదు. పనియున్న చోటునకు మనిషి పోవును. చవుకగనున్న యిల్లు మనిషిని వెనుకకు లాగును. ఆ రెంటి నడుమ రైలుపెట్టెలో రోజుకు నాలుగైదు గంటల ఆయుర్దాయము కరగిపోవును.

నేల సంగతి యింతకంటె దుఃఖకరము. బంగారమును వేఱుచేయుటకు రాతిని పిండిగొట్టి సైనైడు ద్రావణముతో కడుగగా మిగిలిన బూడిదరంగు పొడిని దశాబ్దములపాటు ఊరి ప్రక్కనే పోసిరి. అట్టి దిబ్బలు పదుమూడు, మూడుకోట్ల టన్నులకు పైబడిన పొడి. దూరమునుండి చూచినవారికి చదునైన తలగల కొండలవలె కనబడును. వేసవిగాలి లేచినప్పుడు ఆ పొడి ఇండ్లలోనికి, వంటపాత్రలలోనికి, ఊపిరితిత్తులలోనికి పోవును. అందలి గంధకఖనిజములు వాననీటితోను గాలితోను కూడి ఆమ్లమై క్రిందికి దిగును. చంద్రగిరి పాటిమన్నునకును ఈ దిబ్బలకును గల భేదమును గుర్తింపవలెను. రెండును జనము విడిచిన నేలలే. ఒకదానిని రైతు బండికెత్తి తీసికొనిపోవును, రెండవదానిపై గడ్డియైనను మొలచుట కష్టము. పట్టణమును స్థాపించుచున్న దినముననే, అది విడిచిపోవు నేల యెట్లుండునో సగము నిర్ణయమగుచున్నది.

మఱియొక తప్పు నేలలో గాక కాగితములలో జరిగినది. గనుల సంస్థ పేర వేల ఎకరములుండెను. సంస్థ మూతపడిన తరువాత కోర్టువ్యాజ్యములు, టెండర్లు, కేంద్రరాష్ట్రముల నడుమ ఉత్తరప్రత్యుత్తరములు సాగుచుండగా రెండు దశాబ్దములు గడచిపోయినవి. ఆ కాలమున ఆ నేలను తాత్కాలికముగనైనను వాడుకొనుటకు దారి చూపిన నియమము లేకపోయెను. ఒక ఖాళీ బయలును పదేండ్లకు పశువుల మేతకో, చెట్లపెంపకమునకో, బడిపిల్లల ఆటస్థలమునకో యిచ్చి, గనిని మఱల తెఱచుట నిశ్చయమైన దినమున తీసికొందుమని వ్రాసికొన్నచో ఎవరికి నష్టము కలిగియుండెడిది? నేల శాశ్వతముగ ఒకపనికే, లేదా ఏపనికిని గాదు, అను రెండు తలుపులే మన నియమములలో నున్నవి. నడిమి తలుపు లేదు.

తెలంగాణమున సింగరేణి ప్రాంతము చెప్పునదియు ఇదియే. 1990 ప్రాంతమున లక్షకు మించిన కార్మికులుండిన ఆ సంస్థలో, భూగర్భగనులు ఒక్కొక్కటే మూతపడి, యంత్రములతో త్రవ్వు ఓపెన్‌కాస్టు గనులు వచ్చి, కార్మికుల సంఖ్య సగమునకు దిగువకు పడిపోయినది. బెల్లంపల్లి జనసంఖ్య 2001, 2011 జనగణనల నడుమ పదివేలకు పైగా తఱిగినది, మందమఱ్ఱియు తఱిగినది. దేశమందలి పట్టణములన్నియు ఉబ్బుచున్నవని మనము నమ్మియున్న పదేండ్లలోనే యిది జరిగినది. అచ్చట కార్మికవాడల క్వార్టర్లు కొన్ని ఖాళీపడి కప్పులు కూలగా, సంస్థ స్థలములలో ఇండ్లు కట్టుకొన్నవారు పట్టాలకొఱకు సంవత్సరములు తిరిగిరి. జపానులో యూబరి యను బొగ్గుగనుల పట్టణమునకు ఇంతకంటె ఘోరమైన దశ పట్టినది. 1960లో లక్షకు మించియున్న దాని జనసంఖ్య నేడు పదివేలకు చాల దిగువనున్నది. 2007లో ఆ పురపాలకసంఘము దివాలా తీసెను. పిమ్మట అచ్చటివారు చేసిన పనులలో ఒకటి గమనింపదగినది. సగము ఖాళీయైన కార్మికనివాసములలో చెదరి బ్రదుకుచున్న వృద్ధులను దూరపు నగరకేంద్రమునకు పొమ్మనక, అదే లోయలో, అదే యిరుగుపొరుగుతో, కొద్ది భవనములలోనికి చేర్చిరి. ఖాళీయైన భవనములకు నీరు, వెలుతురు, మంచు తీయుపని ఆపిరి. మనిషిని అతని వాడనుండి వేఱుచేయకుండ వాడను చిన్నదిగ మడుచుట అను ఈ నేర్పు, పెద్దపెద్ద పథకములకంటె ఎక్కువ పనిచేసినదని నా యభిప్రాయము.

వెసులుబాటు గల భూవినియోగమునకు మంచి పాఠశాల మాత్రము జర్మనీలోని లైప్జిగ్ నగరము. 1930 ప్రాంతమున ఏడులక్షలు దాటిన ఆ నగరపు జనము, రెండు జర్మనీలు కలిసిన తరువాతి కొద్దియేండ్లలో వేగముగ తఱిగి, 1998 నాటికి నాలుగులక్షల నలుబదివేలకు లోపునకు పడిపోయినది. శతాబ్దాంతమున సుమారు అఱువదివేల నివాసములు ఖాళీగనుండెను. అప్పుడు నగరపాలకులు స్థలముల యజమానులతో ఒక విధమైన ఒడంబడిక చేసికొనసాగిరి. యజమాని కూలనున్న యింటిని తొలగించి ఆ జాగాను కొన్ని యేండ్లపాటు ప్రజల తోటగనో బాటగనో వాడుకొననిచ్చును. నగరము అతనికి భూమిపన్ను మినహాయించును. అతని కట్టుబడిహక్కు చెక్కుచెదరదు, గడువు తీరగనే తిరిగివచ్చును. కూల్చదగని పాతయిండ్ల విషయమున, 2004నుండి ఒక పౌరసంఘమువారు, అద్దెలేకుండ చిత్రకారులకు, చిన్నపనివారికి ఇచ్చి, వారు కప్పు కాఱకుండ, గొట్టములు పగులకుండ కనిపెట్టుకొనునట్లు ఏర్పాటు చేసిరి. ఏండ్లు గడచినవి. ఎవరును ఊహింపని విధముగ లైప్జిగ్ మఱల పెరుగనారంభించి, ఇటీవల ఆఱులక్షలు దాటినది. తోటలు కొన్ని మఱల ఇండ్లైనవి. తోటను పెంచిన పొరుగువారికి అది కష్టము కలిగించినది, నిజమే. ఐనను ఆ జాగా శాశ్వతముగ పోలేదు, వృథాగను పడియుండలేదు.

దీనికి ఎదురుగ అమెరికాలోని యంగ్స్‌టౌన్ కథను పెట్టి చూడవలెను. 1977 సెప్టెంబరు 19న ఉక్కుకర్మాగారపు మూసివేత ప్రకటనతో కూలిన ఆ పట్టణము, మేము చిన్న పట్టణమగుటకు ఒప్పుకొనుచున్నామని 2005లో ధైర్యముగ ఒక ప్రణాళికను ఆమోదించినది. ప్రపంచమంతయు మెచ్చుకొన్నది. ఆ ప్రణాళిక జనము ఎనుబదివేల వద్ద నిలుచునని లెక్క వేసినది. 2010 జనగణనలో అఱువదియేడువేలు మాత్రమే తేలిరి. ఒక సంఖ్యను నమ్మి గీసిన పటము, అది పెరుగుదల పటమైనను తఱుగుదల పటమైనను, సంఖ్య తప్పిన దినమున చెల్లదు. లైప్జిగ్ పెరుగునని ఎవరును చెప్పలేదు, యంగ్స్‌టౌన్ ఎచ్చట నిలుచునో ఎవరును చెప్పలేకపోయిరి. ఒడంబడికలకు గడువులు పెట్టుకొన్న నగరము బాగుపడినది.

ఈ గడువుల పద్ధతికి గణితశాస్త్రసమ్మతమైన ఆధారము గలదు. 1974లో కెన్నెత్ ఆరో, ఆంథొనీ ఫిషర్ అను పండితులు, మఱల సరిదిద్దుటకు వీలులేని పనిని, భవిష్యత్తు తెలియని స్థితిలో, నేడే చేయుటకంటె కొంతకాలము వేచియుండుటకు ప్రత్యేకమైన విలువ యొకటి కలదని నిరూపించిరి. రేపు తెలియబోవు సంగతిని బట్టి నిర్ణయమును మార్చుకొనగల స్వాతంత్ర్యమే ఆ విలువ. పొలము పొలముగ నున్నంతవఱకు రేపు ఇండ్లస్థలము కావచ్చును, కాకపోవచ్చును. రెండు దారులును తెఱచియున్నవి. తారు పోసి, మడికట్లు చదునుచేసి, వంకను పూడ్చిన క్షణమున ఒక దారి మూసికొనిపోయినది. ఆ మూతపడిన దారికి వెల యెంతయని మన రిజిస్ట్రేషను కార్యాలయములలోగాని, లేఅవుటు అనుమతులలోగాని ఎవరును లెక్కగట్టుట లేదు.

తిరుపతి పెరుగుచున్న నగరము, చంద్రగిరి దాని ఒడిలో పెరుగుచున్న ఊరు, ఇచ్చట తఱుగుదల మాట యెందుకని చదువరులు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. వేంకటేశ్వరుని దర్శించు యాత్రికులున్నంతకాలము తిరుపతికి జనము కొఱవడదు. 1981లో ఏర్పడిన తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోనే చంద్రగిరియు గలదు. రహదారికి ఇరువైపుల వెంచర్లు లేచుచున్నవి. కాని జనసంఖ్యాశాస్త్రము వేఱొకమాట చెప్పుచున్నది. జనము తఱుగక నిలుచుటకు ఒక్కొక్క స్త్రీకి సగటున 2.1 సంతానము కావలెను. జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 1992-93లో 2.6గ నుండిన ఆ సంఖ్య 2019-21 నాటికి 1.7కు దిగినది. ఇద్దఱికంటె ఎక్కువమంది పిల్లలున్నవారు స్థానికసంస్థల ఎన్నికలలో నిలువరాదను నిబంధనను 2024 నవంబరులో మన శాసనసభ తొలగించుట జనము తఱుగునను భయమునకు తార్కాణము. వయసులోనున్నవారు హెచ్చుగనుండుటవలన మొత్తము జనము మఱికొన్ని యేండ్లు పెరుగుచునేయుండును, ఆపై నిలుచును, ఆపై తఱుగును. ఆ తఱుగుట తిరుపతి నడిబొడ్డున ఆరంభము గాదు. బెంగుళూరునకు, చెన్నపట్టణమునకు, అమెరికాకు పిల్లలు పోయిన ఊళ్లలో, తల్లిదండ్రుల తరువాత తాళము పడు ఇండ్లలో ఆరంభమగును. పండుగకు మాత్రము తెఱచి, పండుగ మఱునాడు మూయు తలుపులు మనకు అప్పుడే పరిచితములు గదా!

ఇట్టి సమయమున మన శాసనములు ఒకవైపునకే నడచుచున్నవి. వ్యవసాయభూమిని వ్యవసాయేతరముగ మార్చుటకు 2006లో ప్రత్యేకముగ ఒక చట్టమునే చేసికొంటిమి. ప్రణాళికలో సాగునేలగ ఆకుపచ్చనున్న సర్వేనంబరును ఇండ్లస్థలముగ పసుపుపచ్చ చేయించుటకు దరఖాస్తున్నది, రుసుమున్నది. పసుపుపచ్చయైన నేలను ఇరువదియేండ్లు ఎవరును ఇల్లు కట్టనప్పుడు మఱల ఆకుపచ్చ చేయు దరఖాస్తు మాత్రము మన వాడుకలో లేదు. ఫలితమును చూడగోరువారు ఏ పాతవెంచరులోనికైనను పోవలెను. ప్రవేశద్వారపు కమాను రంగు వెలసియుండును. హద్దురాళ్లు రేగుకంపలో దాగియుండును. తారుబాట పగుళ్లలో గడ్డి మొలచి పశువులు మేయుచుండును. ప్లాట్లు మూడుచేతులు మాఱియుండును గాని ఒక్క గోడయైనను లేచియుండదు. ఆ నేలకు పూర్వము నీరిచ్చిన చెఱువు తూము పూడియుండును. చెఱువునకు నీరు తెచ్చు వంకమీద ఇంకొక వెంచరుండును. ఈ నేలను మఱల సాగుచేయుదమనినను వందమంది యజమానులు వంద ఊళ్లలో, కొందఱు వేఱు దేశములలో నుందురు. గట్టు ఎచ్చట వేయవలెనన్నను వందమంది సంతకములు కావలెను. నేల బీడుపడుటకు జనము తఱుగుట దాకనైనను ఆగనక్కఱలేదు. హక్కులు ముక్కలగుటయే చాలును.

దీనికి మందు అసాధ్యమైనదేమియు గాదు. లేఅవుటునకు అనుమతి నిచ్చునప్పుడు దానికి ఒక గడువుండవలెను. గడువులోపల నాలుగవవంతు జాగాలలోనైనను ఇండ్లు లేవకున్నచో, కట్టని భాగమును యజమానుల హక్కునకు భంగము లేకుండ ఉమ్మడిగ కౌలుకిచ్చి సాగులో నుంచు నియమము ఆ అనుమతిపత్రములోనే వ్రాయవలెను. వంకలను, మొరవలను, తూములను ఏ రంగు జోనులోనున్నను ముట్టరాదు. ఏలయన తిరిగి పొలమగుటకు గల ఆశ యంతయు వాటిలోనే యున్నది. గొట్టములు, బాటలు ఊరినంటి వరుసగ సాగవలెనే గాని దూరమున ఒంటరిగనున్న వెంచరుకొఱకు కిలోమీటర్లకొలది పరువరాదు, ఎందుకనగా రేపు వాటిని పోషించువారు మిగిలిన కొద్దిమందియే. తాళము పడిన పాతయిండ్లను, లైప్జిగ్‌వారు చేసినట్లు, అంగనవాడికో, గ్రంథాలయమునకో, చేనేతపనికో గడువుతో ఇచ్చుటకు పంచాయతీలకు అధికారమీయవలెను. అన్నింటికిని మించి, ప్రణాళికను ఇరువదియేండ్లకొకమాఱు గాక, ప్రతి జనగణన తరువాతను విప్పి చూడవలెను. జనము పెరిగినచోట ఒక లెక్క, తఱిగినచోట మఱియొక లెక్క వేయవలెను. భూమివెల పెరుగునని నమ్మి కొన్నవారికి దీనివలన కొంత ఆశాభంగము కలుగును. ఐనను ఆశాభంగము పొందిన ప్లాటుకంటె పంట పండు ప్లాటు యజమానికే లాభకరము.

పట్టణాభివృద్ధి సంస్థలు ముసాయిదా ప్రణాళికను ప్రకటించినప్పుడు ప్రజలనుండి అభ్యంతరములను, సలహాలను కోరుట చట్టముచే ఏర్పడిన పద్ధతి. మనలో అధికులు తమ సర్వేనంబరునకు ఏ రంగు పడినదో చూచికొని, పసుపుపచ్చ పడినచో సంతోషించి, ఆకుపచ్చ పడినచో అర్జీ పెట్టుకొని ఊరకుందురు. చంద్రగిరి మండలమందలి రైతులకును, ఇంటిస్థలము కొనదలచినవారికిని, పంచాయతీసభ్యులకును నా మనవి యొక్కటే. ఈసారి ముసాయిదా వచ్చినప్పుడు మీ ఊరి చెఱువు వంక దానిలో గీయబడియున్నదో లేదో ముందు చూడుడు. గీయబడకున్నచో అభ్యంతరము వ్రాసియిండు. కట్టని ప్లాట్లకు గడువెంతయని అడుగుడు.